నివ్వరి: మన అన్నానికి కాపలా కాసే గడ్డి

మంత్రపుష్పం విననివాళ్లు మనలో చాలా తక్కువ. గుళ్లో హారతి అయ్యాక, ఇంట్లో వ్రతం చివర్లో చెవిన పడుతూనే ఉంటుంది. అందులో ఒక గడ్డి ప్రస్తావన ఉందని మీకు తెలుసా? మనిషి గుండె లోపల వెలిగే జ్వాల ఎంత సన్నగా ఉంటుందో చెప్పడానికి అక్కడ వాడిన పోలిక నీవార ధాన్యపు ముల్లు. అంటే వడ్లగింజ కొసన వెంట్రుకలా పొడవుగా సాగి, పసుపుగా మెరిసే మొన.

ఆ నీవారమే తెలుగులో నివ్వరి. ఎవరూ విత్తరు, ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు కట్టరు. వానలకు కుంటలు నిండితే అంచుల్లో దానంతట అదే మొలుస్తుంది. నీళ్లు తగ్గేసరికి గింజ రాల్చి ఎండిపోతుంది. మనం తినే వరికి ఇది అడవిలో ఉండిపోయిన దగ్గరి చుట్టం. కాళిదాసు శాకుంతలంలో కణ్వాశ్రమం దగ్గర పడ్డామని దుష్యంతుడు గుర్తుపట్టే ఆనవాళ్లలో, చెట్టు తొర్రల్లోని చిలకలు కింద రాల్చిన నీవార గింజలు కూడా ఉంటాయి.

ఇంత పాత పేరున్న మొక్క ఇప్పుడు మన ఊళ్ల నుంచి చప్పుడు లేకుండా వెళ్లిపోతోంది. చప్పుడు లేకుండా అని ఎందుకంటున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

యాప్ 'వరి' అంది, అవ్వ 'కాదు' అంది

మాది పూతలపట్టు పక్కన ఒక పల్లె. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు తిరుపతికి ఒక దారి, పీలేరు వైపు ఒక దారిగా చీలే జంక్షన్ మీలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. కాణిపాకం కూడా ఇక్కడికి దగ్గరే. చుట్టూ మామిడితోటలు, చెరుకు, పాడి పశువులు. బోరులో నీళ్లున్నవాళ్లు కొద్దిగా వరి వేస్తారు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. 2021 నవంబర్‌లో చిత్తూరు జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లోనే ఉన్నాను. ఏళ్ల తరబడి ఎండిపోయి కనిపించిన కుంటలు ఆ ఏడాది నిండాయి. ఆ తర్వాతి ఏడాది కూడా మా కయ్యల కింద ఉన్న పల్లంలో నీళ్లు నిలిచాయి. ఆ అంచున వరి లాంటిదే ఏదో మొలిచింది. అక్కడ ఎవరూ వరి వెయ్యరు. ఫోన్ తీసి ఫోటో కొట్టి మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లో పెట్టాను. 'వరి' అని వచ్చింది.

అదే ఫోటో అవ్వకు చూపించాను. ఫోన్‌ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "వరి కాదురా అబ్బోడా, నివ్వరి. ఆ ముండ్లు చూడు, ఎంత పొడుగుండాయో" అనింది. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు కరువు వస్తే దీన్ని ఎత్తుకొచ్చి దంచుకుని తినేవాళ్లంట. ఎత్తడానికీ ఒక పద్ధతి ఉంది. "తెల్లారకముందే పోవాల. మంచు తడి మీద ఉన్నప్పుడే ఎన్నులు గంపలోకి వంచి తట్టాల. ఎండెక్కినాక చెయ్యి తగిల్తే చాలు, అంతా నీళ్లలోకే" అని చెప్పింది.

అవ్వ చెప్పిన ఆ ఒక్క ముక్కలోనే నివ్వరికీ వరికీ ఉన్న అసలు తేడా ఉంది. అడవి వరి గింజ పక్వానికి రాగానే రాలిపోవాలి. రాలితేనే మళ్లీ మొలుస్తుంది. మనిషికి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కోత కోసి, మోపు కట్టి, కళ్లానికి తెచ్చేదాకా గింజ కంకినే పట్టుకుని ఉండాలి. రాలని మొక్కల గింజల్నే దాచుకుని, మళ్లీ వాటినే చల్లి, వేల ఏళ్ల పాటు మన పూర్వీకులు చేసిన ఎంపికే వరి.

ఈ రాలడం వెనక ఉన్న ఒక ముఖ్యమైన జన్యువును 2006లో గుర్తించారు. పేరు ఎస్‌హెచ్4. సాగు వరిని నివ్వరితోనే సంకరం చేసి దాన్ని పట్టుకున్నారు. అందులో డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల గింజ కంకిని వదలకుండా ఉంటుందని తేలింది. కోడ్ రాసే నాలాంటివాడికి ఇది చదివితే ఒళ్లు జలదరించింది. లక్షల లైన్ల ప్రోగ్రాంలో ఒక్క క్యారెక్టర్ మార్పు, దాని మీద నడిచింది సగం ప్రపంచపు భోజనం.

ఒకే ఒక్క శాంపిల్

శాస్త్రజ్ఞులు దీన్ని 'ఒరైజా నివారా' అంటారు. 1965లో ఆ పేరు పెట్టింది ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి. నీవారం అన్న పాత పేరునే తీసుకెళ్లి లాటిన్ పేరులో కూర్చోబెట్టారు. శాస్త్రి గారు అదే ఏడాది హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత వరి పరిశోధన సమన్వయ ప్రాజెక్టును ముందుండి నడిపిన మనిషి. రాజేంద్రనగర్‌లో ఇప్పుడున్న భారతీయ వరి పరిశోధన సంస్థ ఆ ప్రాజెక్టు నుంచి ఎదిగిందే.

పేరు పెట్టిన కొన్నేళ్లకే ఈ గడ్డి అవసరం ప్రపంచానికి వచ్చింది.

హరిత విప్లవం రకాలు ఆసియా అంతా పాకుతున్న రోజులవి. వాటి వెంటే గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వచ్చింది. సుడిదోమ దీన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుంది. తెగులు సోకిన వరి పొట్టిగా ఉండిపోయి, గుబురుగా పిలకలు వేసి, చూడ్డానికి గడ్డి దుబ్బులా తయారవుతుంది. కంకి సరిగా రాదు. 1970లలో ఇది ఆగ్నేయాసియా రైతుల్ని గట్టిగా దెబ్బకొట్టింది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) తన దగ్గరున్న విత్తనాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించింది. సాగు రకాలు, అడవి రకాలు కలిపి 6,000కు పైనే. ఈ వైరస్‌ను గట్టిగా తట్టుకుని నిలబడింది ఒకే ఒక్క శాంపిల్. అది మన ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన నివ్వరి. అందులోనూ అన్ని మొక్కలకూ ఆ శక్తి లేదు, కొన్నింటికే ఉంది.

గుర్‌దేవ్ ఖుష్ బృందం ఆ మొక్కల్ని సాగు వరితో కలిపి, మళ్లీ మళ్లీ వెనక్కి సంకరం చేస్తూ, గింజ రాలడం లాంటి అడవి లక్షణాల్ని వదిలించి, తెగులును తట్టుకునే గుణాన్ని మాత్రం మిగుల్చుకుంది. 1974 నుంచి ఆ గుణమున్న రకాలు బయటికి వచ్చాయి. వాటిలో 1976లో వచ్చిన ఐఆర్36 చరిత్రకెక్కింది. 1980లలో అది దాదాపు 1.1 కోట్ల హెక్టార్లలో, అంటే సుమారు 2.7 కోట్ల ఎకరాల్లో సాగయింది. అంతకు ముందు ఏ వరి రకమూ అంత విస్తీర్ణంలో సాగవలేదు.

ఉత్తరాదిలో ఈ గింజను 'తిన్నీ' అంటారు. నాగలి తగలని నేలలో పండింది కాబట్టి ఉపవాసం రోజు తినొచ్చని దాచుకుంటారు. మన పంచాంగంలోనూ వినాయక చవితి మరుసటి రోజు ఋషి పంచమి. ఆ నోము పట్టేవాళ్లు దున్నని నేలలో పండిందే తినాలంటారు. ఒకవైపు పూజకు పనికొచ్చే పవిత్రమైన గింజ. ఇంకోవైపు కయ్యలో కనిపిస్తే పెరికి గెనిమ మీద పడేసే కలుపు. రెండూ ఒకటే మొక్క.

సాంబమసూరి వెనక ఆఫ్రికా గడ్డి

"అదంతా ఎప్పుడో జరిగింది, ఫిలిప్పీన్స్‌లో జరిగింది, మనకేంటి?" అనుకుంటున్నారా? అయితే మీ ఇంటి అన్నం గిన్నె దగ్గరికే వద్దాం.

సాంబమసూరి, అదే బీపీటీ 5204, బాపట్లలో పుట్టిన రకం. సన్నబియ్యం అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఇదే. రుచికి తిరుగులేదు గానీ ఎండాకు తెగులు అంటే దీనికి భయం. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ తెగులు సోకితే ఆకు కొస నుంచి పసుపెక్కి, ఎండుగడ్డిలా మారిపోతుంది. మందు కొట్టి దీన్ని ఆపడం కష్టం.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి దీనికి దారి వెతికాయి. తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని సాంబమసూరిలోకి తెచ్చాయి. జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. కాకపోతే ఏ పిల్లమొక్కలో కావాల్సిన జన్యువు ఉందో డీఎన్‌ఏ గుర్తుల ద్వారా చూసి ఎంచుకున్నారు. అలా 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబమసూరి' విడుదలైంది.

ఆ మూడింటిలో ఎక్కువ పేరున్న ఎక్స్‌ఏ21 ఎక్కడిదో తెలుసా? ఆఫ్రికాలోని మాలి దేశంలో పెరిగే ఒక అడవి వరిది. దాని గింజలూ చేతికి దక్కకుండా రాలిపోతాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, మాలిలో ఒక నీటిగుంట దగ్గర పెరిగిన గడ్డికి గుంటూరు, నెల్లూరు రైతు రుణపడ్డాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో మన స్వర్ణ రకాన్ని నివ్వరితో సంకరం చేసి, దిగుబడికీ ఎండను తట్టుకోవడానికీ పనికొచ్చే గుణాల కోసం కూడా వెతుకుతున్నారు. నివ్వరి అంటే తెగుళ్ల మందు ఒక్కటే కాదు. ఒక ఏడాది ముంపు, ఇంకో ఏడాది కరువు, మధ్యలో పశువుల నోళ్లు, ఇన్నింటి మధ్య ఎవరి సాయమూ లేకుండా బతికిన మొక్క అది. మనం వరికి నీడపట్టున అన్నం పెట్టి పెంచిన కాలమంతా ఇది బయటే నిలబడి నేర్చుకుంటూ ఉంది.

గోధుమకూ ఇదే కథ

చపాతీ బ్యాచ్ నవ్వుకోవాల్సిన పని లేదు. గోధుమ పరిస్థితి కూడా ఇంతే. మనం రొట్టెలు చేసుకునే గోధుమ అసలు పుట్టిందే ఒక అడవి గడ్డి దయవల్ల. వేల ఏళ్ల కిందట కాస్పియన్ సముద్రం దక్షిణపు ఒడ్డు ప్రాంతంలో, అప్పటికే సాగులో ఉన్న ఒక గోధుమ పొలంలోకి ఈజిలాప్స్ అనే కలుపు గడ్డి పుప్పొడి కలిసింది. ఆ కలయికలో పుట్టిందే నేటి రొట్టె గోధుమ. కుంకుమ తెగులు లాంటివి వచ్చిన ప్రతిసారీ గోధుమ శాస్త్రజ్ఞులు మళ్లీ ఆ గడ్డి కుటుంబం దగ్గరికే వెళ్తుంటారు.

ఆ గడ్డి చుట్టాలున్న నేల సిరియా, టర్కీ, ఇరాక్, ఇరాన్. సిరియాలో అలెప్పో దగ్గర ఇకార్డా అనే పరిశోధన సంస్థకు పెద్ద విత్తన బ్యాంకు ఉండేది. యుద్ధం వచ్చింది. అదృష్టవశాత్తు ఆ విత్తనాల కాపీలు నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన గిడ్డంగిలో ముందే దాచి ఉన్నాయి. ఆర్కిటిక్ మంచు కొండలో 2008లో తెరిచిన ఆ గిడ్డంగి నుంచి మొట్టమొదటిసారి విత్తనాలు వెనక్కి తీసుకున్నది ఇకార్డానే, 2015లో. వాటిని లెబనాన్‌లో, మొరాకోలో మళ్లీ పెంచారు.

బ్యాకప్ అంటే ఏమిటో, అది రీస్టోర్ అయితే వచ్చే ఊరట ఏమిటో, నాతోపాటు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఉన్నట్టే ఉండి మాయమవడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నివ్వరి ఎందుకు ప్రమాదంలో ఉంది?

పులిలా, బట్టమేకతల పిట్టలా దీన్ని లెక్కపెట్టి "ఇంకా ఇన్నే మిగిలాయి" అని చెప్పలేం. జాతిగా చూస్తే ఇది భారత్‌లో, చుట్టుపక్కల దేశాల్లో చాలాచోట్ల ఉంది. పోతున్నది జాతి కాదు, దాని అసలు రూపం. ఒక్కో కుంటలో ఒక్కో రకంగా బతకడం నేర్చుకున్న ఆ గుంపులు.

మొదటి కారణం కళ్లకు కనిపించేదే. కుంటలు పూడిపోతున్నాయి. చెరువు లోతట్టు ఆక్రమణ అవుతోంది. పైనుంచి నీళ్లు తెచ్చే వంకలకు అడ్డంగా రోడ్లు, లేఔట్లు లేస్తున్నాయి. మొరవ పారడం చూసి ఏళ్లయిన చెరువులు మా వైపు ఎన్నో. ఎండిన చోటల్లా సర్కారు తుమ్మ కమ్మేస్తుంది. నివ్వరికి కావాల్సింది లోతు నీళ్లు కాదు, పూర్తి మెట్టా కాదు. నాలుగైదు నెలలు నీళ్లు నిలిచి తర్వాత ఆరిపోయే అంచు. మనం అభివృద్ధి పేరుతో ముందు సరిచేసేది ఆ అంచునే. గట్టు నిటారుగా చెక్కి, రాళ్లు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేస్తే చెరువు ఫోటోలో బాగుంటుంది. నివ్వరికి మాత్రం కాలు మోపే చోటు ఉండదు.

రెండో కారణం కంటికి కనిపించదు. పక్క కయ్యలోని వరి పుప్పొడి గాలికి వచ్చి నివ్వరి మీద పడుతుంది. రెండూ చుట్టాలే కాబట్టి కలిసిపోతాయి. పుట్టే పిల్లమొక్క కొంచెం అది, కొంచెం ఇది. తరాలు గడిచేకొద్దీ వరి రక్తం పెరుగుతూ పోతుంది. చూడ్డానికి అక్కడ పచ్చగా గడ్డి ఉంటుంది, ముల్లూ ఉంటుంది, గింజా రాలుతుంది. లోపల మాత్రం వేరే మొక్క. 2017లో ఆసియా అడవి వరి నమూనాల డీఎన్‌ఏను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఇదే చెప్పారు. అడవి వరి అని మనం అనుకుంటున్న వాటిలో చాలా భాగం సాగు వరితో బాగా కలిసిపోయినవేనట.

చప్పుడు లేకుండా పోతోందని మొదట్లో అన్నది ఇందుకే. ఫైల్ పేరు అలాగే ఉంటుంది, సైజు అలాగే ఉంటుంది, లోపలి డేటా మాత్రం ఓవర్‌రైట్ అయిపోతుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు.

మా పల్లంలో ఉన్నది అచ్చమైన నివ్వరేనా, సగం కలిసినదా? చూసి నేను చెప్పలేను. యాప్ చెప్పలేదు, అవ్వ కూడా చెప్పలేదు. ల్యాబ్‌లో డీఎన్‌ఏ చూస్తే తప్ప తెలియదు. అలా ఎవరూ చూడకముందే పూడిపోయే కుంటలు ఎన్నో.

మూడో కారణం రైతు వైపు నుంచి. అడవి వరీ, దానితో కలిసిపుట్టిన కలుపు వరీ కయ్యలోకి వస్తే నష్టం నిజమైనదే. వెన్ను వేసేదాకా వరికీ దానికీ తేడా తెలియదు. తెలిసేసరికి గింజ రాలిపోయి, వచ్చే ఏడాదికి కూడా కలుపు సిద్ధం. అందుకే రైతు దాన్ని చూస్తే ఊరుకోడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

"గడ్డి కోసం భూమి వదులుకుంటామా?"

ఈ వాదన మా ఇంట్లోనే నడిచింది.

నివ్వరి మొలిచిన ఆ పల్లంలో కొంత భాగం మా పట్టాలోదే, ఒక 30 సెంట్లు ఉంటుంది. రోడ్డుకు దగ్గర. జంక్షన్ పెరుగుతోంది కాబట్టి ధర కూడా పెరుగుతోంది. మట్టి తోలించి ఎత్తు చేస్తే కొంటామని ఒకరు అడిగారు. నాయన సరేననుకున్నాడు. నేను వద్దన్నాను, కారణం చెప్పాను. ఐఆర్36 నుంచి మాలి గడ్డి దాకా అంతా చెప్పాను.

నాయన మొత్తం విని, "ఏరా, గడ్డి కోసం భూమి వదులుకుంటామా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "నీకు నెల తిరిగితే జీతం పడతాది. ఆ పల్లంలో నాకు ఏం పడతాది? వడ్లేస్తే ఏం మిగులుతాదో నువ్వే కంప్యూటర్లో లెక్కెయ్యి చూస్తాం."

ఎక్సెల్‌లో వేశాను. దుక్కి ట్రాక్టరు, నారు, నాట్ల కూలి, ఎరువులు, మందులు, కోత మిషను బాడుగ. వచ్చిన వడ్ల ధర ఇంకో కాలమ్‌లో. చివరికి మిగిలింది ఇంట్లోకి బియ్యం, ఆవులకు గడ్డి. మా ఇద్దరి కష్టానికి ఆ షీట్‌లో అసలు కాలమే లేదు. నాయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ప్రపంచం మొత్తానికి పనికొచ్చే గడ్డిని కాపాడే ఖర్చు మాత్రం పూతలపట్టులో ఒక రైతు జేబులోంచి ఎందుకు రావాలి? ఆ ప్రశ్న నాయన ఒక్కడిదే కాదు. ఐఆర్36 లాభం కోట్ల మందికి అందింది. దాని తల్లి గడ్డి పెరిగిన నేల తాలూకు మనుషులకు ఏం అందిందో ఎవరూ లెక్క వెయ్యలేదు.

మా ఇంట్లో మాట తిరిగింది వేరే చోట. అవ్వ ఒక రోజు సద్ది తింటూ, "ఆ పల్లం పూడిస్తే నీ బోరుకు నీళ్లు యాణ్ణించి వస్తాయి?" అని నాయన్ని అడిగింది. పల్లానికి నూరడుగుల లోపలే మా బోరు. ఆ పల్లంలో నీళ్లు నిలిచిన రెండేళ్లూ వేసవిలో బోరు ఆగలేదని నాయనకూ గుర్తుంది. దానికి ముందు ఏప్రిల్‌కే దమ్ము కొట్టేది. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కొనేవాళ్లకు మాత్రం "ఈ ఏడుకి ఉండనీండి" అని కబురు పెట్టాడు.

వచ్చే ఏడు ఏమంటాడో తెలియదు. ఆ ధర ఇంకా పెరిగితే నేనేమంటానో కూడా చూడాలి. కానీ ఆ సంభాషణ నాకు ఒక విషయం తేల్చింది. నివ్వరిని నివ్వరి కోసం కాపాడమంటే ఊళ్లో ఎవరూ వినరు. కుంటను కాపాడమంటే వింటారు. కుంట బతికితే బోరు బతుకుతుంది, పశువులకు నీళ్లుంటాయి, వాటితోపాటు అంచున గడ్డి కూడా బతుకుతుంది. ఇన్ని వేల ఏళ్లూ అది బతికింది అలాగే. మన పనులకు ఉంచుకున్న నీళ్ల పక్కన అది తన చోటు తాను చూసుకుంది.

బ్యాంకులో ఉంది కదా?

"ఢిల్లీలో జాతీయ జన్యు బ్యాంకు ఉంది, ఇర్రి దగ్గర లక్షకు పైగా వరి నమూనాలు ఉన్నాయి, ఇంకా కుంటలో ఎందుకు?" అని మా టీమ్‌లో ఒకతను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

బ్యాంకు కావాలి. అది లేకపోతే ఐఆర్36 లేదు. కానీ మైనస్ 18 డిగ్రీల చలిలో పెట్టిన విత్తనం ఆ రోజుతో ఆగిపోయిన విత్తనం. బయట సుడిదోమ మారుతోంది, బ్యాక్టీరియా మారుతోంది, ఎండ పెరుగుతోంది. కుంటలో ఉన్న మొక్క ప్రతి ఏడాదీ వాటితో తలపడి, ఓడినవి చచ్చి, గెలిచినవి గింజ రాల్చి ముందుకు వెళ్తుంది. ఫ్రీజర్‌లో ఉన్నది పాత వెర్షన్ స్నాప్‌షాట్. కుంటలో ఉన్నది ఇంకా అప్‌డేట్ అవుతున్న వెర్షన్. రెండూ ఉండాలి.

ఇంకో మాట. 6,000 పైచిలుకు నమూనాల్లో ఒక్కటే నిలబడింది, అందులోనూ కొన్ని మొక్కలే. అంటే "ఉత్తరప్రదేశ్‌లో ఒక చోట ఉంటే చాలు, చిత్తూరులో పోతే ఏం" అనడానికి లేదు. రేపు వచ్చే తెగులుకు మందు ఏ ఊరి కుంటలో ఉందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. అది అవసరం పడినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆ కుంట ఉండాలి.

మనం చెయ్యగలిగినవి

పెద్ద పెద్ద మాటలు వద్దు. ఊరికి వెళ్లినప్పుడు చెయ్యగలిగినవి మాత్రం చెప్తాను.

ఒకటి. అక్టోబర్, నవంబర్ నెలల్లో చెరువు అంచున వరి లాంటి గడ్డి కనిపిస్తే ఆగి చూడండి. నాటిన వరసలు లేకుండా, నీళ్లలో పక్కకు పరుచుకుని, గింజ కొసన పొడవాటి ముల్లుతో ఉంటే, ముట్టుకోగానే గింజ రాలితే, ఒలిచి చూసినప్పుడు బియ్యం ఎర్రగా ఉంటే అది నివ్వరి కావచ్చు. లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కడ ఉందో తెలియడమే మొదటి మెట్టు.

రెండు. మీ పంచాయతీలో 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్' ఉందా అని అడగండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలు, జీవాలు, వాటి గురించి పెద్దవాళ్లకు తెలిసిన సంగతులు ఆ రిజిస్టర్‌లో ఎక్కాలి. మీ ఊరి రిజిస్టర్‌లో నివ్వరి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి. కుంటను పూడ్చే మాట వచ్చిన రోజు కాగితం మీద ఉన్న పేరుకు ఒక విలువ ఉంటుంది.

మూడు. ఉత్సాహంలో గింజలు తెచ్చి కయ్యల దగ్గర చల్లకండి. రైతుకు అది కలుపు. పైగా వరి పక్కన పెరిగితే మళ్లీ పుప్పొడి కలిసేది దానికే. దాని చోట దాన్ని ఉండనివ్వడమే దానికి చేసే సాయం. విత్తన సేకరణ చేసే పని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం లాంటి సంస్థలది. మీరు చూసిన చోటు వాళ్లకు చెప్తే చాలు.

నాలుగు. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే ఫోన్‌లో ఆ ఫోటో చూపించి పేరు అడగండి. చిత్తూరులో ఒక పేరు, శ్రీకాకుళంలో ఇంకో పేరు ఉండొచ్చు. ఎలా ఎత్తేవాళ్లు, ఎలా వండేవాళ్లు అడిగి రికార్డ్ చెయ్యండి. ఏ యాప్‌లోనూ లేని డేటా అది. దానికి బ్యాకప్ కూడా లేదు.

మా పల్లంలో ఈసారి నీళ్లు కొంచెం తక్కువే నిలిచాయి. నివ్వరి మాత్రం మొలిచింది. కార్తీకంలో గింజ రాలుతుంది. సంక్రాంతికి మట్టి ఆరి నెర్రెలు విడుస్తుంది. ఆ నెర్రెల్లో గింజలు మళ్లీ వానల కోసం కాచుకుని ఉంటాయి. వాటి మీద మట్టి లారీ పడకుండా ఉంటే చాలు.